బీరు క్యాన్ మీద బొమ్మ: క్రాఫ్ట్ బ్రూవరీతో పని చేయబోయే ఆర్టిస్టుకి

అమెరికాలో క్రాఫ్ట్ బ్రూవరీ, అంటే కొద్ది మొత్తాల్లో బీరు కాచే చిన్న సంస్థ దగ్గర టీవీ ప్రకటనలకి డబ్బుండదు. దుకాణంలో ఫ్రిజ్ అద్దం వెనక వరసగా నిలబడ్డ క్యాన్లే దాని ప్రకటన. బీరుని క్యాన్‌లో అమ్మడం 1935 జనవరి 24న వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో క్రూగర్ కంపెనీతో మొదలైంది. అయినా చిన్న బ్రూవరీలు చాలాకాలం సీసానే నమ్ముకున్నాయి. 2002లో కొలరాడోలోని ఆస్కార్ బ్లూస్ తన డేల్స్ పేల్ ఏల్‌ని క్యాన్లలో నింపడం మొదలుపెట్టాక గాలి మళ్లింది. సీసాకి ముందొక చీటీ, వెనకొక చీటీ. క్యాన్‌కి ఒళ్లంతా చీటీయే. ఆ జాగాని నింపడానికి బ్రూవరీలు ఆర్టిస్టుల్ని వెతుక్కున్నాయి.

ఇది ఆ ఆర్టిస్టుల కోసం. అమెరికాలో ఉంటూ బొమ్మలు వేసేవాళ్లకీ, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని అక్కడి బ్రూవరీలకి పని చేసేవాళ్లకీ పనికొస్తుంది. క్యాన్ చెడిపోయేది చాలాసార్లు బొమ్మ బాగాలేక కాదు. కొలత, అచ్చు పద్ధతి, చట్టం గురించి మొదటి రోజు అడగాల్సిన మాటలు చివరి వారంలో అడిగినందుకు. అందుకే కింద వరస కూడా అలాగే పెట్టాం. బొమ్మ గీయడం సగం దాటాక గానీ రాదు.

మీది ఏ రకం పని?

ఒకటి, ఇంటి ఆర్టిస్టు. బ్రూవరీ బీర్లన్నిటికీ ఒకే చెయ్యి. ఫ్లయింగ్ డాగ్‌కి రాల్ఫ్ స్టెడ్‌మన్, డెన్మార్క్ మిక్కెలర్‌కి కీత్ షోర్, లండన్ బీవర్‌టౌన్‌కి నిక్ డ్వయర్ అలా పేరుపడ్డారు. స్టాక్‌హోమ్ ఒమ్నిపోలోలోనైతే ఆర్టిస్టు కార్ల్ గ్రాండిన్ వ్యవస్థాపకుల్లోనే ఒకరు. రెండోది, విడి పని. ఒక బీరుకి ఒక ఆర్టిస్టు. కెనడాలోని హామిల్టన్‌లో ఉన్న కలెక్టివ్ ఆర్ట్స్ ఈ పద్ధతి మీదే నిలబడింది. ఆర్టిస్టుల్ని బొమ్మలు పంపమని బహిరంగంగా పిలుస్తుంది, ఒకే బీరు మీద బొమ్మలు మారుస్తూ పోతుంది.

ఇంటి ఆర్టిస్టుగా పిలిస్తే మీరు వేయాల్సింది బొమ్మ కాదు, చట్రం. పేరు ఎక్కడుంటుంది, లోగో ఎంతుంటుంది, ఏది మారుతుంది, ఏది మారదు అన్నది ముందే కట్టుకోవాలి. ఇరవయ్యో బీరు వచ్చేనాటికి ఆ చట్రమే మిమ్మల్ని కాపాడుతుంది. విడి పనికి పిలిస్తే ఆ చట్రం బ్రూవరీ దగ్గర ఉండాలి. లేదంటే లోగో, బార్‌కోడ్, చట్టం కోరే మాటలు పెట్టే పని ఎవరిదో తేల్చుకోండి. ఆ లేఅవుట్ మీ మీద పడితే దానికి డబ్బు వేరు.

మొదటి అడుగు: పెన్సిల్ పట్టకముందు అయిదు ప్రశ్నలు

మొదటి ఫోన్‌లోనే ఇవి అడగండి. క్యాన్ సైజు ఎంత? ఏ పద్ధతిలో అచ్చు వేస్తున్నారు? ఎన్ని క్యాన్లు? క్యానింగ్ తేదీ ఎప్పుడు? ఏ ఏ రాష్ట్రాల్లో అమ్ముతారు? అయిదింటికీ జవాబు లేకపోతే అడ్వాన్స్ తీసుకోండి గానీ గీత గీయొద్దు.

సైజు సంగతి. అమెరికా క్రాఫ్ట్ బీరు ఎక్కువగా 12 ఔన్సుల (355 మి.లీ.), 16 ఔన్సుల (473 మి.లీ.) క్యాన్లలో వస్తుంది. బ్రిటన్‌లో 330, 440 మి.లీ. మామూలు 12, 16 ఔన్సుల క్యాన్లకి ఒంటి వ్యాసం ఒక్కటే, దాదాపు 66 మి.మీ. తేడా ఎత్తులోనే. చుట్టుకొలత 8.2 అంగుళాలకి కాస్త తక్కువ. 12 ఔన్సుల 'స్లీక్' క్యాన్ మాత్రం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దానికి వేసిన లేబుల్ మామూలు క్యాన్‌కి పనికిరాదు. 'పన్నెండు ఔన్సులు' అని చెబితే సరిపోదు, స్లీకా మామూలా అని అడగాలి.

రెండో అడుగు: అచ్చు పద్ధతిని అర్థం చేసుకోవడం

బొమ్మ ఎలా వేయాలో తేల్చేది ఇదే.

డ్రై ఆఫ్‌సెట్. క్యాన్ ఫ్యాక్టరీలోనే అల్యూమినియం మీద నేరుగా పడే అచ్చు. ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు. ప్లేట్లన్నీ తమ తమ రంగుల్ని ఒకే రబ్బరు బ్లాంకెట్ మీద పెడతాయి. అది ఒక్కసారి దొర్లి మొత్తం బొమ్మని క్యాన్‌కి అంటిస్తుంది. రంగులన్నీ పచ్చిగానే ఉంటాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి పడితే కలిసి బురదవుతాయి. అందువల్ల రంగు పక్కన రంగు ఉండాలి, రంగు మీద రంగు ఉండకూడదు. మధ్యలో సన్నటి సందు వదులుతారు, ఆ సందులోంచి లోహం మెరుస్తుంది. రంగులు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది లోపే. వాటర్‌కలర్ చెమ్మ, ఫోటోలాంటి నీడలు దీనికి నప్పవు. మందపాటి గీత, చదునైన రంగు, లినోకట్ తరహా బొమ్మ అయితే అద్భుతంగా వస్తుంది. మన చేర్యాల నకాషీ బొమ్మల్లాగా ఎర్రటి నేల, చుట్టూ నల్లగీత, లోపల ఒక్క ముద్ద రంగు అన్న పద్ధతి ఈ అచ్చుకి సరిగ్గా సరిపోతుంది.

దీని ఇబ్బంది సంఖ్య. ఒక డిజైన్‌కి కనీసం ఒక లారీ లోడు, అంటే దాదాపు 2,04,000 క్యాన్లు కొనాలన్నది పాత లెక్క. 2021 చివర్లో క్యాన్లు తయారుచేసే బాల్ కంపెనీ 2022 నుంచి దాన్ని అయిదు లోడ్లకి, అంటే పది లక్షలు దాటేలా పెంచింది. చిన్న బ్రూవరీకి అది మోయలేని బరువు. కాబట్టి విడి పనికి వచ్చే ఆర్టిస్టుకి ఎక్కువగా తగిలేది లేబులే.

అంటించే లేబుల్. ఖాళీ అల్యూమినియం క్యాన్, దాని మీద ప్లాస్టిక్ ఫిల్మ్ లేబుల్. డిజిటల్ అచ్చు కావడంతో రెండు మూడు వేల క్యాన్లకైనా వేస్తారు, రంగుల లెక్క అడ్డు రాదు. కాగితం లేబుల్ వద్దని చెప్పండి, ఐసు బకెట్లో అరగంటకే నానుతుంది. 16 ఔన్సుల క్యాన్‌కి లేబుల్ తరచుగా 8.125 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు ఉంటుంది. 12 ఔన్సులకి ఎత్తు మూడున్నర చుట్టూ. కచ్చితమైన కొలత మాత్రం ఆ ప్రింటర్ పంపిన డైలైన్ (కత్తిరింపు గీతలున్న నమూనా) నుంచే తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికిన టెంప్లేట్ మీద మొదలుపెట్టకండి. లేబుల్ నిటారుగా ఉన్న గోడ మీదే కూర్చోవాలి. పైన మెడ వంపు మీదికో, కింద అంచు వంపు మీదికో జరిగితే ముడతలు పడుతుంది.

ష్రింక్ స్లీవ్. బొమ్మ అచ్చయిన ప్లాస్టిక్ గొట్టాన్ని క్యాన్‌కి తొడిగి వేడి తగిలిస్తే అతుక్కుంటుంది. మెడ దాకా రంగు వస్తుంది. కానీ మెడ దగ్గర ఫిల్మ్ ఎక్కువ కుంచించుకుపోతుంది, అక్కడ గుండ్రటి చంద్రుడిని పెడితే కోడిగుడ్డవుతుంది. ముఖాలు, అక్షరాలు, వృత్తాలు మెడకి దూరంగా ఉంచండి. తాగాక ఆ ప్లాస్టిక్ తీయకపోతే క్యాన్ రీసైక్లింగ్‌కి ఇబ్బంది. కాబట్టి చింపడానికి చిల్లుల గీత పెట్టమని అడగండి.

క్యాన్ మీద నేరుగా డిజిటల్ అచ్చు వేసే సంస్థలూ వచ్చాయి. తక్కువ సంఖ్యకీ వేస్తాయి, ప్లాస్టిక్ ఉండదు. దగ్గర్లో అలాంటిది ఉంటే బ్రూవరీని ఒక ధర అడిగి చూడమనండి.

మూడో అడుగు: కాగితం మీద ఒప్పందం

అమెరికా కాపీరైట్ చట్టంలో ఒక మెలిక ఉంది. ఉద్యోగి కాని ఆర్టిస్టు వేసిన బొమ్మ, డబ్బిచ్చినంత మాత్రాన బ్రూవరీ సొత్తు కాదు. హక్కు పూర్తిగా చేతులు మారాలంటే మీరు సంతకం చేసిన రాతకోతలు ఉండాలి. 'వర్క్ ఫర్ హైర్' అని రాసిన కాగితం ముందు పెడితే ఆగండి. బయటి ఆర్టిస్టు పనికి ఆ మాట చట్టంలో రాసిన కొన్ని కోవలకే చెల్లుతుంది. క్యాన్ బొమ్మ ఆ కోవల్లో సులభంగా పడదు. అందుకే లాయర్లు దాని కింద 'అది చెల్లకపోతే హక్కులన్నీ బదిలీ' అని ఇంకో వాక్యం చేరుస్తారు. చదవాల్సింది ఆ రెండో వాక్యం.

మా సలహా, హక్కు అమ్మకండి, లైసెన్స్ ఇవ్వండి. ఫలానా బీరు, ఫలానా దేశాలు, రెండేళ్లు, క్యాన్‌తో పాటు దాని ప్రచారం వరకు. టీషర్టులు, గ్లాసులు, పోస్టర్లకి వేరే రేటు. బీరు కంటే టీషర్టు ఎక్కువ కాలం అమ్ముడుపోయే సందర్భాలుంటాయి. ఇంటి ఆర్టిస్టు గీసిన మస్కట్ లాంటివైతే బ్రూవరీ పూర్తి హక్కు అడగడం న్యాయమే. దాని మీద ట్రేడ్‌మార్క్ కట్టుకుంటారు. అప్పుడు ఫీజు ఆ స్థాయిలో ఉండాలి.

ఒప్పందంలో ఇంకా ఉండాల్సినవి: ఫీజులో సగం ముందు, మిగతా సగం ఫైలు అప్పగించేటప్పుడు. రెండు సార్లు మార్పులు ఉచితం, ఆపైన గంట లెక్క. బీరే ఆగిపోతే మీకు వచ్చే మొత్తం. క్యాన్ మీద మీ పేరు ఎక్కడ, ఎంత సైజులో. మీ చేతికి ఎన్ని క్యాన్లు. చట్టం కోరే మాటల్లో తప్పుకి బాధ్యత బ్రూవరీదేనన్న వాక్యం. 'ఫీజు లేదు, బీరు ఇస్తాం' అంటే మర్యాదగా వద్దనండి. బొమ్మలో ఏఐ వాడి ఉంటే దాచకుండా రాయండి. మనిషి చెయ్యి లేని బొమ్మకి కాపీరైట్ నమోదు చేయబోమని అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023 మార్చిలో స్పష్టం చేసింది. బ్రూవరీ రేపు ఆ బొమ్మని కాపాడుకోలేదు.

మన వాళ్లకి ముఖ్యమైన మాట ఒకటి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన ఉద్యోగం తప్ప బయట డబ్బు తీసుకునే పని చేయకూడదు. ఎఫ్-1 విద్యార్థులకీ అనుమతి లేని పని కుదరదు. హెచ్-4 మీద ఉన్నవాళ్లకి పని చేసే కార్డు ఉంటే చేయొచ్చు. వారాంతంలో సరదాగా వేసిన ఒక్క బొమ్మకి పుచ్చుకున్న చెక్కు తర్వాత గ్రీన్ కార్డు దగ్గర ప్రశ్నగా తిరిగొస్తుంది. ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఇండియా నుంచి పని చేసేవాళ్ల దగ్గర బ్రూవరీ డబ్ల్యూ-8బెన్ ఫారం (విదేశీయులు ఇచ్చే అమెరికా పన్ను పత్రం) అడుగుతుంది.

నాలుగో అడుగు: పేరు తేలాకే బొమ్మ

బీరు పేరు మీద ట్రేడ్‌మార్క్ వెతికారా అని అడగండి. అమెరికాలో వేల బ్రూవరీలున్నాయి, హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) మీద పేర్లు ఎప్పుడో అయిపోయాయి. బొమ్మంతా పేరు మీద ఆడుకున్నాక పేరు మారితే మళ్లీ మొదటికే. అక్షరాల అమరిక వల్ల కూడా తగువు వస్తుంది. కీస్టోన్ అనే బీరు క్యాన్ మీద 'స్టోన్' అన్న ముక్కని విడదీసి పెద్దగా వేసినందుకు స్టోన్ బ్రూయింగ్ కోర్టుకెళ్లింది. 2022 మార్చిలో జ్యూరీ 5 కోట్ల 60 లక్షల డాలర్లు ఇవ్వమంది. మాటని రెండు వరసలుగా విరిచేటప్పుడు విడిగా ఏ మాట కనబడుతోందో చూసుకోండి.

బ్రూవర్‌తో ఒక అరగంట బీరు గురించి మాట్లాడండి. వాసన దేనిది, రంగు ఎలా ఉంటుంది, ఎప్పుడు తాగే బీరు అని అడగండి. పుల్లటి బీరుకి గోధుమరంగు క్యాన్ వేస్తే కొన్నవాడు మోసపోయాననుకుంటాడు. తర్వాత మూడు చిన్న స్కెచ్‌లు పంపండి, అగ్గిపెట్టె సైజులో. ఆ సైజులో తెలియని బొమ్మ ఫ్రిజ్ తలుపు అవతలా తెలియదు.

మన దేవుళ్ల బొమ్మల సంగతి ఇక్కడే చెప్పాలి. 'ఇండియా పేల్ ఏల్' (ఐపీఏ) అన్న పేరు చూసి ఏనుగో, దేవతో వేయమని అడిగే బ్రూవరీలు ఉంటాయి. కాలిఫోర్నియాలో లాస్ట్ కోస్ట్ బ్రూవరీ ఇండికా ఐపీఏ మీద వినాయకుడి బొమ్మకి హిందువుల నుంచి గట్టి అభ్యంతరాలు వచ్చాయి. మీరు తెలుగువారు కాబట్టి మీ పేరుతో అలాంటిది వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. వద్దనండి, బదులుగా ఇంకోటి చూపించండి. కలంకారి తీగలు, ముగ్గు చుక్కలు, తాటిచెట్టు, మామిడిపిందె లాంటి వాటికి కొదవ లేదు. అయితే చేర్యాల, శ్రీకాళహస్తి కలంకారి పేర్లకి మన దేశంలో భౌగోళిక గుర్తింపు ఉంది. ఐప్యాడ్ మీద వేసిన బొమ్మని 'చేర్యాల పెయింటింగ్' అని క్యాన్ మీద రాయించకండి. అసలైనది కావాలంటే ఆ ఊరి నకాషీ కళాకారులకే పని ఇప్పించి మీరు లేఅవుట్ చూసుకోండి. ఇంతకంటే మంచి సహకారం ఉండదు.

అయిదో అడుగు: గుండ్రంగా ఆలోచించడం

తెర మీద లేబుల్ ఎనిమిది అంగుళాల పొడవైన పట్టీలా కనిపిస్తుంది. చేతిలో క్యాన్ పట్టుకుంటే కంటికి సరిగ్గా కనబడేది దానిలో మూడోవంతు, అంటే రెండున్నర నుంచి మూడు అంగుళాలు. మిగిలింది వంపు తిరిగిపోతుంది. అందుకని పట్టీని మూడు భాగాలు చేసుకోండి. మూడు అంగుళాలు ముఖం, రెండున్నర అంగుళాలు చట్టం కోరే మాటలూ బార్‌కోడూ, మిగతాది కథ లేదా బొమ్మ కొనసాగింపు.

దుకాణంలో క్యాన్ ముఖం మీ వైపే తిరిగి ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. నాలుగు క్యాన్ల ప్యాక్‌లో ఒకటి ముందుకి, ఒకటి పక్కకి తిరిగి ఉంటుంది. పైన ప్లాస్టిక్ పట్టీ మెడని కప్పేస్తుంది. కాబట్టి పేరు రెండు చోట్ల పడేలా చూడండి, లేదా ఏ వైపు తిప్పినా ఇదే బీరు అని తెలిసే రంగు చుట్టంతా పరవండి. బీవర్‌టౌన్ పుర్రెలు దూరం నుంచే గుర్తుపట్టేది అందుకే.

అతుకు దగ్గర లేబుల్ కొలతని బట్టి అంచుల మధ్య సన్నటి సందు మిగులుతుంది, లేదా అంచు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కుతుంది. లేబుల్ వేసే యంత్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరగడం మామూలు. అతుకు మీదుగా గీత నడిస్తే మెట్టులా విరిగి కనిపిస్తుంది. ముఖాన్ని, సన్నటి గీతల్ని అక్కడి నుంచి తప్పించి ఆకాశమో, ఆకులో, చదునైన రంగో పెట్టండి.

స్కెచ్ ఒప్పుకున్న రోజే దాన్ని అసలు సైజులో మామూలు ప్రింటర్ మీద తీసి ఒక ఖాళీ క్యాన్‌కి టేపుతో చుట్టండి. బల్ల మీద పెట్టి ఆరడుగుల దూరం వెళ్లి చూడండి. ఎన్ని మాకప్‌లు చూసినా ఈ పది నిమిషాల పనికి సాటి రావు.

ఆరో అడుగు: చట్టం కోరే మాటలు

అమెరికాలో ఒక రాష్ట్రం దాటి అమ్మే బీరు లేబుల్‌కి టీటీబీ అనే ఫెడరల్ సంస్థ ఆమోదం కావాలి. ఆ పత్రాన్ని కోలా అంటారు. దరఖాస్తు చేసేది బ్రూవరీయే అయినా, కొర్రీలు పడేది మీ లేఅవుట్ మీద. లేబుల్ మీద బ్రాండ్ పేరు, బీరు రకం, తయారుచేసినవారి పేరు, ఊరు, పరిమాణం, ఆరోగ్య హెచ్చరిక ఉండాలి. ఎక్కువ తప్పులు జరిగే చోట్లు ఇవి:

హెచ్చరిక. 'గవర్నమెంట్ వార్నింగ్' అన్న రెండు మాటలు పెద్ద అక్షరాల్లో, బోల్డ్‌లో ఉండాలి. మిగతా వాక్యాలు బోల్డ్‌లో ఉండకూడదు. మొత్తం ఒకే పేరా, మిగతా రాతకి విడిగా. 12, 16 ఔన్సుల క్యాన్ మీద అక్షరం ఎత్తు కనీసం 2 మి.మీ., అంగుళంలో 25 అక్షరాలకి మించకూడదు. ఆ పాఠం దాదాపు 280 అక్షరాలు. మామూలు ఫాంట్‌లో రెండుంబావు అంగుళాల వెడల్పు, అంగుళం ఎత్తు దాకా తినేస్తుంది. బొమ్మ పూర్తయ్యాక దానికి చోటు వెతికితే ఏదో ఒక మూల ఇరికించాల్సి వస్తుంది. స్కెచ్‌లోనే ఆ పెట్టె గీసుకోండి. వెనక నేల, అక్షరం రంగు స్పష్టంగా వేరుగా ఉండాలి. వెండి మెరుపు మీద తెల్ల అక్షరాలు నడవవు.

పరిమాణం. 16 ఔన్సుల క్యాన్ మీద '16 ఫ్లూయిడ్ ఔన్సులు' అని మాత్రమే రాస్తే తిప్పి పంపుతారు. అది సరిగ్గా ఒక పింట్ కాబట్టి '1 పింట్' అని ఉండాలి. ఔన్సులు పక్కన అదనంగా రాసుకోవచ్చు. 12 ఔన్సులకి ఔన్సులే చాలు.

ఆల్కహాల్ శాతం. వాడుకలో అందరూ ఏబీవీ (ఆల్కహాల్ బై వాల్యూమ్) అంటారు గానీ ఆ పొట్టి మాటని లేబుల్ మీద టీటీబీ ఒప్పుకోదు. 'ఆల్క్', 'వాల్' అని కుదించవచ్చు. అక్షరం 3 మి.మీ. దాటకూడదు. '9 శాతం' అని పెద్దగా చెక్కి ముఖం మీద పెట్టాలన్న ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది.

రకం. మామిడి గుజ్జు వేసిన ఏల్ అయితే 'ఏల్' అన్న ఒక్క మాట సరిపోదు, మామిడి సంగతి ఆ వరసలోనే చెప్పాలి. కొన్ని దినుసులకి కోలా కంటే ముందు ఫార్ములా ఆమోదం కూడా కావాలి. బ్రూవర్‌ని మొదటి వారంలోనే దినుసుల పట్టిక అడగండి.

డిపాజిట్ గుర్తులు. ఖాళీ క్యాన్ తిరిగిస్తే డబ్బిచ్చే రాష్ట్రాల పేర్లు, సెంట్ల లెక్క లేబుల్ మీదో, మూత మీదో ఉండాలి. అవి మారుతుంటాయి. ఒరెగాన్ 2017లో, కనెక్టికట్ 2024 జనవరిలో 5 సెంట్లని 10 చేశాయి. పాత ఫైలు నుంచి ఎత్తి పెట్టకండి.

బార్‌కోడ్. గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉండేట్టు తిప్పండి. నిలువుగా పెడితే క్యాన్ వంపులో చివరి గీతలు స్కానర్‌కి అందవు. మామూలు సైజులో 80 శాతం కంటే తగ్గించొద్దు. రెండు చివరలా ఖాళీ వదలండి. స్కానర్ వెలుగు ఎరుపు కాబట్టి ఎర్ర గీతలు దానికి కనబడవు. తెలుపు మీద నలుపే మేలు.

టీటీబీ దాటినా రాష్ట్రాలు అడ్డుకోవచ్చు. ఫ్లయింగ్ డాగ్ 'ఫ్రీజిన్ సీజన్' లేబుల్‌ని 2021లో నార్త్ కరోలినా కాదంది. కోర్టుకెక్కాక దారి దొరికింది. బ్రిటన్‌లో మద్యం కంపెనీల స్వీయ నియంత్రణ సంస్థ పోర్ట్‌మన్ గ్రూప్ నియమాలు చూసుకోవాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని లాగే బొమ్మ ఉండకూడదు. వేల్స్‌లోని టైనీ రెబెల్ బ్రూవరీ వారి కుచ్ అనే బీరు క్యాన్ మీద 2017లో ఆ ఫిర్యాదు నిలబడి డిజైన్ మార్చాల్సి వచ్చింది. కార్టూన్ జంతువు, మిఠాయి రంగులు, ఉబ్బిన అక్షరాలు మూడూ ఒకేచోట చేరితే చిన్నపిల్లల జ్యూస్ డబ్బాలా కనబడుతుంది. ఇది చట్టం కోసమే కాదు. ఇంట్లో పిల్లాడు పొరపాటున ఫ్రిజ్‌లోంచి తీసి తాగకూడదు కదా.

ఇండియాలో అమ్మే క్యాన్ అయితే 2019 ఏప్రిల్ నుంచి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెచ్చరిక తప్పనిసరి. పైగా ఒక్కో రాష్ట్రంలో ఎక్సైజ్ శాఖ దగ్గర లేబుల్ నమోదు.

ఏడో అడుగు: ఫైలు

బ్లీడ్ (కత్తిరింపు గీత దాటి బొమ్మ సాగే భాగం) అన్ని వైపులా 1/8 అంగుళం. ముఖ్యమైనవి అంచుకి అంతే దూరం లోపల. చేతి బొమ్మ అసలు సైజులో 300 డీపీఐకి తగ్గకూడదు, అక్షరాలు వెక్టర్‌లో ఉండాలి. రంగులు సీఎంవైకే. ఆర్‌జీబీలో మెరిసే నియాన్ ఆకుపచ్చ అచ్చులో ముదురు బఠాణీ రంగులోకి దిగిపోతుంది. అది ప్రింటర్ తప్పు కాదు. చిన్న అక్షరాలకి నల్ల సిరా ఒక్కటే వాడండి. నాలుగు రంగుల నలుపైతే రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) కాస్త జరిగినా అక్షరం చుట్టూ రంగుల నీడ పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తడబడేది తెల్ల సిరా దగ్గర. వెండి ఫిల్మ్ మీదో, పారదర్శక ఫిల్మ్ మీదో అచ్చు వేసేటప్పుడు ఫైల్లో తెల్లగా వదిలిన చోటు తెల్లగా రాదు. అక్కడ సిరా ఏమీ పడదు, లోహం బయటపడుతుంది. అమ్మాయి ముఖం తెల్లగా వేసి పంపితే క్యాన్ మీద కళ్లూ పెదవులూ తప్ప మిగతాదంతా అద్దంలా మెరుస్తూ వస్తుంది. రంగులు కూడా కింద తెలుపు లేకపోతే పలచటి గాజు రంగుల్లా లోహాన్ని చూపిస్తాయి. దీన్ని కావాలని వాడుకుంటే అందం. చేప పొలుసులకీ, చంద్రుడికీ, వాన చుక్కలకీ తెలుపు తీసేయండి, చర్మానికీ బట్టలకీ తెలుపు పెట్టండి. దానికి 'వైట్' అని పేరు పెట్టిన వేరే స్పాట్ రంగు (విడి సిరా) పొర కావాలి, ఓవర్‌ప్రింట్‌లో, అంటే మిగతా రంగుల్ని చెరపకుండా వాటితో పాటు పడేట్టు. ఎక్కడ తెలుపు పడాలో ఆ పొరలో నింపాలి. పై రంగు కంటే దాన్ని వెంట్రుకవాసి లోపలికి, 0.1 నుంచి 0.2 మి.మీ. తగ్గించండి. లేకపోతే బొమ్మ అంచుల చుట్టూ తెల్లటి గీత తొంగిచూస్తుంది. ఆ పొరని నలుపు తెలుపుల్లో విడిగా తీసి ప్రింటర్‌కి పంపి, 'నల్లగా ఉన్నచోట తెల్ల సిరా' అని ఒక వాక్యం రాయండి. ఈ ఒక్క వాక్యం ఎన్నో రోల్స్ చెత్తబుట్టలో పడకుండా ఆపుతుంది.

ఫాంట్ లైసెన్స్ వ్యాపారానికి చెల్లేదేనా అని చూడండి. ఫైలు పంపేముందు అక్షరాలన్నీ అవుట్‌లైన్ చేయండి. మార్చగలిగే కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

ఎనిమిదో అడుగు: ప్రూఫ్

తెర మీద పీడీఎఫ్ చూసి 'ఓకే' అనకండి. అసలు ఫిల్మ్ మీద, అసలు లామినేట్‌తో (పైన వేసే పూత) ఒక ముక్క అచ్చు వేసి పంపమనండి. మ్యాట్ పూత రంగుని కాస్త చల్లబరుస్తుంది, గ్లాసీ లోతుగా చూపిస్తుంది. ఆ ముక్కని క్యాన్‌కి అంటించి రాత్రంతా ఐసు నీళ్లలో ఉంచండి. పొద్దున అంచు లేచిందా, సిరా గోటికి వస్తోందా చూడండి. హెచ్చరిక అక్షరాల్ని స్కేలు పెట్టి కొలవండి, ఫోన్‌తో బార్‌కోడ్ చదివించండి. లేబుల్ రోల్ ఏ దిక్కున విప్పుకోవాలో క్యానింగ్ చేసేవాళ్లని అడిగి ప్రింటర్‌కి చెప్పమని బ్రూవరీకి గుర్తుచేయండి. అది తప్పితే మొత్తం రోల్ తలకిందులుగా అంటుకుంటుంది. నింపాక తడి క్యాన్ల మీద లేబుల్ వేస్తే కింద బుడగలు వస్తాయి. ఆ లైన్‌లో గాలితో ఆరబెట్టే ఏర్పాటు ఉందో లేదో అడగడంలో తప్పు లేదు. చివరికి అందరూ చూసేది మీ బొమ్మలో బుడగే.

లెక్క వెనక నుంచి

క్యానింగ్ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. లేబుల్ అచ్చుకి రెండు వారాలు. కోలాకి వారం నుంచి మూడు వారాలు. కొర్రీ పడితే మళ్లీ అంతే. ఫైలు, చట్టం మాటల సర్దుబాటుకి వారం. ఫైనల్ బొమ్మకి రెండు వారాలు, స్కెచ్‌లకి రెండు. మొత్తం కలిపి ఎనిమిది నుంచి పది వారాలు. స్లీవ్ అయితే ఇంకో రెండు మూడు వారాలు, అచ్చు క్యాన్ అయితే అంతకంటే చాలా ఎక్కువ. ట్యాంకులో బీరు కాచుకుని కూర్చోదు. ముఖ్యంగా హాప్స్ వాసన మీద బతికే ఐపీఏ పాతబడితే సగం విలువ పోతుంది. అందుకే బ్రూవరీ మిమ్మల్ని తొందరపెడుతుంది. కోలా రాకముందే అచ్చుకి పంపుదామంటే, 'తిప్పి పంపితే ఆ ఖర్చు మీది' అని ఈమెయిల్‌లో రాసి అప్పుడు పంపండి.

రెండో విడత అచ్చు వేసేటప్పుడు పాత కోలా మీదే కొన్ని మార్పులు చేసుకోవచ్చు. రంగు మార్చడం, ఉన్నవాటిని అటూ ఇటూ జరపడం, తప్పనిసరి కాని బొమ్మ తీసేయడం వంటివి. కొత్త బొమ్మ చేరిస్తే మాత్రం కొత్త దరఖాస్తు. మీ లైసెన్స్ గడువు ఆ విడతకి వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఈలోగా బ్రూవరీ ప్రింటర్‌ని మార్చి ఉంటే కొత్త డైలైన్ అడగండి. పాత ఫైలు నేరుగా పంపితే 1/16 అంగుళం తేడా చాలు, అతుకు దగ్గర వెండి గీత ఒకటి పైనుంచి కిందిదాకా బయటపడుతుంది.